వెనక్కి తిరిగి బస్సెక్కిన ఓబుళమ్మక్క

మొన్న సోమవారం పొద్దున కాఫీ గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. హిందూపురం నుంచి ఓబుళమ్మక్క తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయిందన్నా. మా ఇంటికొచ్చి నాలుగు దినాలు బాగా నవ్వించె. పొద్దున లేపితే లేయల్యా" అన్నాడు. దిగ్భ్రాంతి అనే మాటను అంతవరకూ పేపర్లలో చదవడమే గానీ దాని బరువు నాకు తెలియదు. గ్లాసు ఎక్కడ పెట్టానో కూడా గుర్తు లేదు. ఆ మనిషికి మరణమేమిటి, ఇది ఎవరో పొరబడి చెప్పిన కబురేమో అని చాలాసేపు నా మనసు మొండికేసింది.

పెనుకొండ బస్టాండుకు వచ్చిపోయేవాళ్ళలో ఆమెను ఎరగనివారు అరుదు. ఎరగనివారి కోసం చెబుతాను. పసితనంలోనే పోలియో ఆమె రెండు కాళ్ళ సత్తువనూ హరించింది. చేతులకు చెప్పులు తొడుక్కొని, ఆ చేతుల మీదే ఒంటిని ముందుకు జరుపుకుంటూ నడిచేది. అవును, నడిచేది అనే రాస్తాను. పాకేది అని రాస్తే ఎక్కడున్నా వచ్చి నా కలం లాక్కుంటుంది. ధర్మవరం పట్టుచీరల కొంగులకు కుచ్చులు కట్టడం ఆమె వృత్తి. వారంలో రెండు మూడుసార్లు పెనుకొండ నుంచి ధర్మవరం వెళ్ళి, కట్టిన చీరలు అంగడిలో ఇచ్చి, కట్టవలసినవి తెచ్చుకునేది. నేను హిందూపురం–ధర్మవరం ఆర్డినరీ బస్సులో కండక్టరుగా రిటైరయ్యేదాకా ఆ దారిలోనే తిరిగాను. మా స్నేహం బస్సు మెట్ల దగ్గర మొదలైంది, అదీ పోట్లాటతో.

ఆమె బస్సెక్కే తీరు చూసి తీరవలసింది. మా బస్సుకు మెట్లు మూడు. మొదటిది నేల నుంచి ఎంత ఎత్తంటే, కాళ్ళు బాగున్నవాళ్ళే పట్టు కోసం వెతుక్కుంటారు. ఓబుళమ్మక్క చేతుల చెప్పులు విప్పి సంచిలో పెట్టుకొని, బస్సుకు వీపు తిప్పి కూర్చునేది. రెండు అరచేతులూ వెనకనున్న మెట్టు మీద ఆనించి, ఒక్క ఊపుతో ఒంటిని పైకి లేపుకునేది. చేత్తో కాళ్ళు సర్దుకొని, రెండో మెట్టు, ఆపైన మూడోది. లోకమంతా బస్సు వైపు చూస్తూ ఎక్కితే ఆమె బస్టాండు వైపు చూస్తూ ఎక్కేది. ఎక్కినంతసేపూ నోరు ఊరకుండేది కాదు. "ఏమే సావిత్రీ, మీ కోడలు కాన్పుకు యాడికి పోయింది?" అని పూలమ్మే ఆమెను, "ఏమప్పా, నీ టీ ఈ పొద్దు నీళ్ళ మాదిరి ఉండాది" అని టీ అంగడి నారాయణను పలకరించేది. ఆ మూడు మెట్లు ఎక్కేలోపు ఊళ్ళోని సమాచారమంతా ఆమె దగ్గరికి చేరిపోయేది.

నేను ఆ దారికి వచ్చిన కొత్తలో ఇదేమీ నాకు తెలియదు. పెనుకొండలో బస్సు నిలిస్తే, ఒకామె నేల మీద కూర్చొని మెట్టు మీద చెయ్యి వేస్తోంది. నాకు దయ పొంగుకొచ్చింది. దయ కంటే తొందర ఎక్కువగా ఉండిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అడగకుండా చంకల కింద చేతులు వేసి, ఎత్తి, ఏకంగా పై మెట్టు మీద కూర్చోబెట్టాను. గొప్ప పుణ్యకార్యం చేసినవాడిలా విజిల్ నోట్లో పెట్టుకున్నాను.

ఆమె తలుపు పక్క కమ్మీ పట్టుకొని "దించు" అంది.

"ఏమ్మా, తప్పు బస్సెక్కినావా?"

"బస్సు సరిగ్గానే ఉండాది. నువ్వు చేసిందే తప్పు. నన్ను అడిగినావా? ఎత్తితే నేను మూటనయితా. ఎక్కితే ప్యాసింజర్నయితా. దించప్పా కిందికి, నేనెక్కుతా."

డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు. బస్సంతా మమ్మల్నే చూస్తోంది. ఎంత బతిమాలినా ఆమె కమ్మీ వదలలేదు. చివరికి దించాను. ఆమె నేల మీద నుంచి మళ్ళీ మొదలుపెట్టి, తీరిగ్గా మూడు మెట్లూ ఎక్కి, సీట్లో సర్దుకొని, "ఇప్పుడు కొట్టు ధర్మవరానికి టిక్కెట్టు" అంది. ముఖం మాడ్చుకొని కొట్టాను.

ఇక మీద రాయబోయేది దాచిపెట్టవచ్చు. కానీ పోయినవాళ్ళను పొగిడి, మన తప్పును మాత్రం మింగేస్తే అది సంస్మరణ అనిపించుకోదు. ఆ తరువాత కొద్ది రోజులకే ఒకనాడు బస్సు ఆలస్యమైంది. బస్టాండులో అటు వైపు నుంచి ఆమె వస్తోంది. నన్ను చూసి చెయ్యెత్తింది. నేను చూశాను. చూసి కూడా విజిల్ వేశాను. బస్సు కదిలిపోయింది.

మరునాడు తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళాను. ఆమె మొదటి మెట్టు మీద కూర్చొని, బస్టాండంతా వినేట్టు, "నిన్న ఈయప్ప నన్ను చూసి పారిపోయినాడు. పాపం, నేను నిలుపమని చెయ్యెత్తితే, చేతిలో చెప్పు చూసి కొట్టేకి వస్తాండానని బెదురుకున్యాడు!" అంది. బస్టాండు గొల్లుమంది. ఆపుకోలేక నేనూ నవ్వాను. టిక్కెట్టు ఇచ్చేటప్పుడు మాత్రం ఆమె గొంతు తగ్గించింది. "నిన్న ఇయ్యాల్సినవి పెండ్లి చీరలప్పా. నువ్వు పోతానే నాకు ఏడుపొచ్చింది. నేను నిదానంగా ఎక్కుతా గానీ, ఎక్కనని ఎప్పుడన్నా చెప్పినానా? నేనెక్కేదాకా నువ్వు నిలబడు. అంతే నీ పని."

సిగ్గుతో నా తల వాలిపోయింది. ఆ రోజు మొదలు రిటైరయ్యేదాకా ఆమె సీట్లో కూర్చోనిదే విజిల్ నా నోటి దగ్గరికి పోలేదు. డ్రైవర్లు గొణిగితే వాళ్ళను నేనే కసిరేవాణ్ణి. పోట్లాడిన మనిషి నాకు అక్క అయింది ఆ రోజుల్లోనే.

ఆమె హాస్యం ముందు ఎంతటి ఘనుడైనా నిలిచేవాడు కాదు. వికలాంగులకు కేటాయించిన సీట్లో ఒకసారి గోరంట్ల వైపు నుంచి వచ్చిన ఒక భారీ శాల్తీ కూర్చొని, అక్కను చూడగానే కళ్ళు మూసుకొని నిద్ర నటించాడు. నేను కోపంగా వెళ్ళబోతే అక్క ఆపింది. ఆయన పక్కకు చేరి, ఎంతో ఆప్యాయంగా, "ఏమప్పా, నీకేమైంది, కాలా, చెయ్యా? చెప్పు, కష్టసుఖం మాట్లాడుకుంటా పోదాం" అంది. ఆయన లేచిన వేగానికి బస్సు ఊగింది. చెన్నేకొత్తపల్లి దాటేదాకా జనం నవ్వుతూనే ఉన్నారు. దిగేటప్పుడు ఆయన కూడా నవ్వుతూ దండం పెట్టి వెళ్ళాడు.

రిటైరయ్యాక పెనుకొండలోనే ఉండిపోయాను. కుడి మోకాలు మొరాయించింది. మడవడానికి రాదు. హిందూపురంలో కూతురికి బిడ్డ పుట్టింది, నామకరణానికి రమ్మంటోంది. నేను కదలలేదు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ బతికినవాణ్ణి, ఇంకొకరు ఎత్తి ఎక్కిస్తే నలుగురిలో నవ్వులపాలు కానా? ఈ సంగతి నా భార్య ఓబుళమ్మక్క చెవిన వేసింది. అక్క ఇంటికే వచ్చింది.

"మనవరాల్ని చూసేకి పోవంట?"

"ఎత్తించుకొని ఎక్కాలంటే సిగ్గక్కా."

"నన్ను ఎత్తినప్పుడు ల్యాని సిగ్గు ఇప్పుడు యాడనుంచి వచ్చె? పద."

బస్టాండులో, నాతో పని చేసిన డ్రైవర్ల ఎదుట, నన్ను మెట్టు మీద వెనక్కి తిరిగి కూర్చోమంది. "చేతులు వెనక్కి పెట్టు. బాగుండే కాలితో తన్ను. మాట్లాడు" అంది.

"ఏం మాట్లాడాల?"

"ఏదో ఒకటి. మాట్లాడే మనిషిని జనం వింటారు. మాట్లాడని మనిషిని చూస్తారు."

కొత్తగా చేరిన కండక్టరమ్మ నన్ను ఎత్తడానికి వచ్చింది. "ముట్టొద్దు పాపా. ఆయప్ప ఎక్కుతాడు" అంది అక్క. నేను నారాయణను టీ ఎట్లుందని అడిగాను. అతడు జవాబు చెప్పాడు. ఇంకెవరో నా మనవరాలి పేరేమిటన్నారు. చెబుతూ చెబుతూనే మూడు మెట్లూ ఎక్కేశాను, నా మోకాలి వైపు ఒక్కరి చూపూ పోలేదు. అక్కది వాగుడు స్వభావమని అన్నేళ్ళూ అనుకున్నాను. అది ఆమె ఊతమని ఆ రోజు తెలిసింది. నామకరణంలో మనవరాలిని ఒళ్ళో పెట్టుకొని తనివితీరా నవ్వాను.

మొన్న సోమవారం ఆమెను కడసారి చూడడానికి అదే బస్టాండుకు వెళ్ళాను. కారు మాట్లాడదామని ఇంట్లో అన్నారు, నేను వద్దన్నాను. బస్సు ఆడవాళ్ళతో కిటకిటలాడుతోంది. వెనక్కి తిరిగి మొదటి మెట్టు మీద కూర్చున్నాను. మాట్లాడాలి. నోరు పెగలలేదు. జనం చూడడం మొదలుపెట్టారు.

"యాడికన్నా పోతాండావు?" అని సావిత్రే అడిగింది.

"హిందూపురానికమ్మా. ఓబుళమ్మక్క పోయింది" అన్నాను.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. సావిత్రి ఏడుస్తూ, "మొన్న ఊరికి పోతా నా పూలు వాడిపోయినాయని తిట్టె. తిట్టి, మళ్ళా అవే కొనుక్కునిపోయె" అంది. నేను రెండో మెట్టు ఎక్కాను. నారాయణ దగ్గరికి వచ్చి, "నా టీని తిట్టకుండా ఒక్క దినమూ తాగల్యా ఆయమ్మ" అన్నాడు. మూడో మెట్టు దగ్గర, ఆమె చెప్పుతో కొడుతుందని నేను పారిపోయిన కథ చెప్పాను. అందరూ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు. కండక్టరమ్మ నేను కూర్చునేదాకా నిలబడింది. బస్సు ఆలస్యంగా బయలుదేరినా ఒక్కరూ సణగలేదు.

ఇటువంటి మనిషిని నేను మళ్ళీ చూడను. ఆమె లేని లోటు ఆ దారిలో ఎవరూ తీర్చలేరు.

హిందూపురంలో వచ్చినవాళ్ళందరూ ఆమె పాదాలకు మొక్కుతున్నారు. నా వంతు వచ్చినప్పుడు నేనూ పాదాల దగ్గరికే పోయి, ఆగి, పక్కకు జరిగి, కాయలు కాచిన ఆ రెండు అరచేతులనూ కళ్ళకు అద్దుకున్నాను. ఆమెను జీవితమంతా నడిపించినవి అవే.