మంచు సముద్రపు సీసాలు

సంగప్పను ఎవరైనా తిడితే నాకు ఒళ్లు మండుతుంది. పటాన్‌చెరులో మా ల్యాబు కోల్డ్ రూమ్ చూసుకునే మనిషాయన. అంతకుముందు గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో ఇదే పని. అక్కడ ఆయనకు నూరిపోసింది ఒకటే: సరుకు వేడెక్కుతోందా, ఎవర్నీ అడగొద్దు, ఇంకా చల్లటి చోటికి మార్చెయ్యి.

నిరుడు మా ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్న అలేఖ్య దక్షిణ ధ్రువం దగ్గరి సముద్రం నుంచి నీళ్ల సీసాలు తెచ్చింది. ఓడలో చోటు కోసమే ఏళ్లు తిరిగిన పిల్ల. ఆ నీళ్లలో కంటికి కనిపించని నాచు ఉంటుంది. పాడవకుండా అయొడిన్ వేసి తెచ్చింది. ఆ నాచులో కొన్నిటికి గాజులాంటి గట్టి పెంకు, కొన్నిటికి ఏ పెంకూ లేని మెత్తటి ఒళ్లు. మంచు కరిగేకొద్దీ గాజువి తగ్గి మెత్తవి పెరుగుతున్నాయా అన్నదే ఆమె ప్రశ్న. చదువంతా దాని మీదే ఆధారపడి ఉంది. సంగప్పకు మైక్రోస్కోప్‌లో చూపిస్తే, "అబ్బ, ముగ్గుల లెక్క ఉన్నయ్ బిడ్డా!" అని మురిసిపోయాడు. రోజూ వెళ్లి ఆ సీసాలను పలకరించి వచ్చేవాడు. మేం నవ్వేవాళ్లం.

ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. దిక్కుమాలిన జనరేటర్ మొరాయించింది. ఆ సీసాలున్న ఫ్రిజ్ వేడెక్కసాగింది. పక్కనే బ్యాటరీ మీద నడిచే డీప్ ఫ్రీజర్. మంచు సముద్రపువి కదా, గడ్డకట్టినా వాటికి అలవాటేననుకున్నాడు పాపం. ఒక్కో సీసానూ చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తి అందులో పెట్టాడు.

సోమవారం పొద్దున గర్వంగా చెప్పాడు: "పరేషాన్ గాకు బిడ్డా, అన్నీ ఇంకా సల్లగ పెట్టిన."

అలేఖ్య మొహం పాలిపోయింది. కరిగించి చూస్తే గాజు పెంకులే మిగిలాయి. మెత్తవన్నీ పగిలి నీళ్లలో కలిసిపోయాయి. ఇప్పుడు లెక్కపెడితే, ఆ సముద్రంలో మెత్తవి అసలు లేనేలేవని తేలుతుంది.

"మల్ల తెస్తవా బిడ్డా?"

"ఎక్కడికెళ్లి తేవాలె కాకా? ఆ యేడాది నీళ్లు మళ్ల రావు."

సంగప్ప స్టూలు మీద కూలబడ్డాడు. "మా ఊరి చెరువు కంపుగొట్టుకుంట సచ్చిపోతుంటే కట్ట మీద నిలబడి సూసిన. కాలు చెయ్యి ఆడలే. గీసారైనా జల్దీ ఏమన్న చేద్దామనుకున్న." అలేఖ్య వైపు చూసి అడిగాడు. "నేను ముట్టకుంటే ఏమయ్యేది?"

ఒక్క అబద్ధం చెప్పు తల్లీ అని మనసులో మొక్కుకున్నాను. ఆ పిల్లకు అబద్ధాలు రావు.

"ఏమీ కాకపోయేది కాకా," అంది. "అయొడిన్ ఏసినం కదా. ఫ్రిజ్ లేకున్నా వారాలు ఉండేటివి."