మిరపకోత చేతులు

చేజర్లలోని పాత గుడి ఒకప్పుడు బౌద్ధుల చైత్యమని కాలేజీలో చదువుకున్నాను. శివరాత్రి రోజుల్లో ఆ చుట్టుపక్కల మోదుగులు ఎర్రగా పూస్తాయి. మొన్న మొక్కుకోవడానికి వెళ్ళినప్పుడు నేను గుడినీ సరిగా చూడలేదు, పూలనీ చూడలేదు. మా పది నెలల బాబు నుదురు తాకి చూసుకోవడమే సరిపోయింది. వాడికి జ్వరం వదలడం లేదు. ఇక రాయడానికి మందులు లేవని గుంటూరులో డాక్టరుగారు చెప్పేశారు.

తిరుగు బస్సులో నా పక్కన కూర్చున్నామె ఒడి నిండా మోదుగుపూలు ఉన్నాయి. బాబు వైపు చెయ్యి చాపి, చప్పున వెనక్కి తీసుకుంది.

"మిరపకాయలు కోసిన చేతులమ్మా. కడుక్కున్నా బిడ్డకి మండుద్ది."

చేతులు పక్కకు పెట్టుకుని, వంగి, వాడి పాదానికి చెంప ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది.

"బాగా కాలిపోతన్నాడు. ఈ పూలు కాగబెట్టి ఆ నీళ్ళు పొయ్యమ్మా, వేడి లాగుద్ది. కొంగు అడ్డం పెట్టుకునే ఏరాన్లే, మండవు. మా పిల్లకి ఇయ్యే పోసేదాన్ని."

"ఇప్పుడెంత పెద్దదైందమ్మా?"

"లేదమ్మా. అప్పుడే పోయింది."

పూలన్నీ నా ఒళ్ళో పోసి, ఒక మిరపచేను దగ్గర దిగిపోయింది. నీళ్ళు పోయడానికి ఇంట్లో బిడ్డ లేకపోయినా, ఆమె కొంగు అడ్డం పెట్టుకునే ఏరింది.

ఆ నీళ్ళు బాబుకు పోశాను. జ్వరం తగ్గలేదు. ఇది రాస్తూ మధ్యలో లేచి వెళ్ళి, వాడి పాదానికి చెంప ఆనించాను. కాలుతూనే ఉంది.