భట్టిప్రోలులో దిగని టీచర్

ముప్పై ఏళ్ళపాటు నేను పొద్దున్నే తెనాలిలో రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను, రేపల్లెలో దిగాను. సాయంత్రం అక్కడ ఎక్కాను, ఇక్కడ దిగాను. మధ్యలో భట్టిప్రోలు వస్తుంది. ఒక్కరోజూ దిగలేదు. రేపల్లెలో ఆడపిల్లల బడిలో సోషల్ టీచర్ని. ప్రతి ఏడూ భట్టిప్రోలు స్తూపం పాఠం చెప్పాను, రెండు వేల మూడు వందల ఏళ్ళ నాటిదని నోట్సు రాయించాను, పరీక్షలో ప్రశ్న ఇచ్చాను, తప్పు రాసినవాళ్ళ చెవులు మెలేశాను. స్తూపాన్ని మాత్రం చూడలేదు. పొద్దున బడికి టైమైపోతుంది, సాయంత్రం ఇంటికెళ్ళి వంట చూడాలి. అదీకాక అక్కడేముంది, ఇటుకలు. ఈ మాట నేను చాలామందితో గట్టిగానే అన్నాను. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేనాడిన అబద్ధం ఎంత పెద్దదో మీకు తెలియాలి కదా.

నేను రిటైరైన ఏడు ఓడ ప్రయాణం పెట్టింది మా ఆయన. ఆయనకి తెనాలిలో ఎరువుల కొట్టు. చరిత్ర పేరెత్తితే ఆవలిస్తారు. ఓడ ఎందుకు నచ్చిందయ్యా అంటే, "మనం గదిలో పడుకుంటే ఊళ్ళే మన దగ్గరికొస్తాయి, పెట్టెలు మొయ్యక్కర్లేదు" అన్నారు. నేను నిమ్మకాయ పచ్చడి, కందిపొడి, కుంకుమ భరిణె, అరడజను జాకెట్టు ముక్కలు సర్దాను. ఆడవాళ్ళెవరైనా పరిచయమైతే వట్టి చేతులతో పంపిస్తామా?

"ఓడలో ఎవరికి పెడతావోయ్ బొట్టు? కెప్టెన్‌కా?" అన్నారాయన.

నాలుగో రోజు ఓడ టర్కీ తీరంలో ఆగింది. సాయంత్రం దాకా అక్కడే. దగ్గర్లో ఎఫెసస్ అనే పాత పట్నం శిథిలాలున్నాయి. ఓడవాళ్ళు నలభై మందిని ఒక బస్సులో ఎక్కించి చూపిస్తారు. మా ఆయన ససేమిరా అన్నారు. "నలభై మంది వెనకాల నేను నడవను. మనకే ఒక గైడు, మనకే ఒక కారు" అని ముందే మాట్లాడి పెట్టారు. రేవు బయట మా కోసం నిలబడి ఉంది ఆ గైడు. నా వయసే ఉంటుంది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, తల మీద గడ్డి టోపీ, చేతిలో మడిచిన నారింజ రంగు గొడుగు. ఆ గొడుగు పైకెత్తి నిదానంగా ఇంగ్లీషులో అన్న మొదటి మాట ఇది: "వరసలో రండి. నేను చెప్పేటప్పుడు మాట్లాడకండి."

ఉన్నదే ఇద్దరం! పైగా అది నా మాట. ముప్పై ఏళ్ళు నేను పిల్లలతో అన్న మాట. నాకు ఒళ్ళు మండింది. మా ఆయన మాత్రం గబుక్కున నా వెనక నిలబడి చేతులు కట్టుకున్నారు.

నిజం చెప్పద్దూ, ఆమె బాగా చెప్పింది. పాలరాతి బాట మీద బండి చక్రాల గాడులు చూపించింది. గ్రంథాలయం ముందుగోడ చూపించి, ఇదంతా ముక్కలై పడి ఉంటే మళ్ళీ పేర్చారంది. ఎక్కడ చూసినా పిల్లులు, ప్రతి పిల్లినీ పలకరించింది. వరసగా రాతి పలకలకి కన్నాలు పెట్టిన చోటికి తీసుకెళ్ళి, ఇవి ఊరుమ్మడి మరుగుదొడ్లు, చలికాలం దొరలొచ్చే ముందు బానిసలు కూర్చుని రాయిని వెచ్చబెట్టేవాళ్ళు అంది. అంతదాకా ఆవలిస్తున్న మా ఆయనకి ఒక్కసారిగా చరిత్ర మీద ప్రేమ పుట్టుకొచ్చింది. అక్కడ కూర్చుని ఫోటో తియ్యమని ఒకటే గొడవ.

"లేవండి, పరువు పోతోంది."

"రెండు వేల ఏళ్ళ నుంచి ఎవరూ తిట్టలేదు వీటిలో కూర్చున్నవాళ్ళని. నువ్వే మొదలుపెట్టావు" అన్నారాయన.

గైడు ప్రతి రాయి దగ్గరా ఆగి "రెండు వేల ఏళ్ళు" అంటోంది. అనడం సరే, అన్నాక నా మొహం వంక చూస్తోంది, నోరు తెరిచానా లేదా అని. పదోసారి కాబోలు, నాలోని టీచర్ ఊరుకోలేకపోయింది.

"మా వూరి దగ్గరున్నది రెండు వేల మూడు వందలు" అన్నాను.

ఆమె గొడుగు దించేసింది. "మీ ఇంటికి ఎంత దూరం?"

"రైల్లో ముప్పావుగంట."

"ఎంత అదృష్టం! మీరెప్పుడైనా వెళుతుంటారా?"

ఇక్కడ "లేదండి" అంటే ఐపోయేది. మూడక్షరాల మాట. నా నోట రాలేదు. "ప్రతి వారం వెళతాను. ప్రతి ఏడూ పిల్లల్ని కూడా తీసుకెళ్ళేదాన్ని" అన్నాను.

వెనకనుంచి మా ఆయన దగ్గు వినిపించింది.

ఆమె ఇక వదల్లేదు. మెట్లున్నాయా, స్తంభాలున్నాయా, రాళ్ళని ముట్టుకోనిస్తారా? నాకు తెలిసిందల్లా పాఠంలో ఉన్న అరపేజీ. అది రెండు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత కళ్ళెదుట ఏం కనిపిస్తే దాన్నల్లా భట్టిప్రోలులో పెట్టేశాను. పాలరాతి మెట్లు పెట్టాను. పన్నెండు స్తంభాలు పెట్టాను. గుమ్మానికి అటూ ఇటూ సింహాల్ని కూర్చోబెట్టాను.

"ఏనుగుల సంగతి చెప్పవేం?" అన్నారు మా ఆయన ఇంగ్లీషులో, ఎంతో వినయంగా.

ఏనుగుల్ని కూడా పెట్టాను. ఏం చెయ్యను మరి?

సాయంత్రం రేవు దగ్గర ఆమెకి బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క, ఓడలో టిఫిన్ దగ్గర తెచ్చుకున్న అరటిపండు చేతిలో పెట్టాను. ఆమె కళ్ళు చెమర్చాయి. ఆ ఊపులో నేను మనవాళ్ళందరూ అనే మాట అనేశాను: "ఈసారి మా ఊరు తప్పకుండా రావాలి." మన వైపు ఈ మాటకి అర్థం ఏంటి? ఇక వెళ్ళొస్తామని. గుమ్మం దాటే ప్రతివాళ్ళూ అంటారు, ప్రతివాళ్ళూ అలాగేనంటారు, ఎవరూ రారు. ఆ సంగతి ఆవిడకి ఎవరు చెప్పాలి? నా ఫోన్ నంబరు అడిగి రాసుకుంది.

మూడు నెలలకి మెసేజ్ వచ్చింది. ఫిబ్రవరిలో హంపి చూడ్డానికి వస్తోందట, నా కోసం రెండు రోజులు కలుపుకుందట. "ఈసారి గైడు మీరు, వరసలో నడిచేది నేను" అని రాసింది.

కొంప మునిగింది అనుకున్నాను. మా ఆయనకి మాత్రం పండగే. పొద్దున కాఫీ తాగుతూ, "సింహాలకి మేత ఏం వేస్తున్నారు టీచరమ్మా?" కూర బాగా కుదరలేదని నేనే అంటే, "పర్లేదులే, ఏనుగులకి పెడదాం." నేను ఉడుక్కునేదాన్ని. పైకి ఉడుకుమోతుతనం, లోపల నిజంగా భయం. ఆమె కూడా పాఠం చెప్పుకుని బతికిన మనిషి. ఈ టీచర్ తను చెప్పే పాఠం ఏనాడూ చూడలేదని ఆమెకి తెలిస్తే ఇక నా ముప్పై ఏళ్ళ ఉద్యోగానికి ఏం విలువ? ఆ మాట ఎవరూ అనక్కర్లేదు, నాకు నేనే అనుకుంటాను.

ఆమె రావడానికి వారం ముందు, బాపట్లలో పుట్టింటికి వెళుతున్నానని చెప్పి రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. భట్టిప్రోలులో దిగాను. మొదటిసారి. ఆటో అబ్బాయిని స్తూపం దగ్గరికి పోనిమ్మన్నాను.

"దిబ్బకాండీ? అక్కడేముందండీ పిన్నిగారూ, ఇటుకలు" అన్నాడు.

కంచె, గేటు, పురావస్తు శాఖవారి నీలం బోర్డు. లోపల పచ్చిక మధ్య గుండ్రంగా, వెడల్పుగా ఇటుకల దిబ్బ. మెట్లు లేవు. స్తంభాలు లేవు. సింహాల మాట సరే సరి. ఒక మూల నలభై ఏళ్ళావిడ కొడవలితో గడ్డి కోస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"టీచర్ గారూ! ఇన్నాళ్ళకి దిగారా!"

నా దగ్గర ఎనిమిదో తరగతి చదివిందట. కిటికీ పక్క బెంచీ. స్తూపం రెండొందల ఏళ్ళదని రాస్తే చెవి మెలేశానట. ఈ వూరే, ఇక్కడ రోజువారీ పనికొస్తోంది. నేను గట్టు మీద కూలబడి, ఓడ దగ్గర్నుంచి ఏనుగుల దాకా ఒక్క ముక్క దాచకుండా చెప్పేశాను. పొట్ట పట్టుకుని నవ్వింది.

"మీరేం కంగారు పడకండి. రండి, చూపిస్తా."

దిబ్బని కుడిచేతి వైపు ఉంచుకుని చుట్టూ తిప్పింది. ధాతువుల పెట్టె ఎక్కడ దొరికిందో, ఆ పెట్టె మీద రాతలేంటో, అది మద్రాసుకి ఎలా వెళ్ళిందో చెప్పింది. అడుగు వరసలో ఒక ఇటుక చూపించింది. దాని మీద మూడు వేళ్ళ గుర్తులు. పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో వేళ్ళతో లాగారు. అరపేజీ పాఠంలో ఇవేవీ లేవు.

"ఇవన్నీ నీకెవరు చెప్పారే?"

"వచ్చినవాళ్ళు చెప్పుకుంటుంటే వింటానండి. ముందు మాత్రం మీ వల్లే. క్లాసులో లేచి అడిగా, మా ఊరి స్తూపం చూపించండి టీచర్ గారూ అని. 'అక్కడేముందే, ఇటుకలు. నోరు మూసుకుని సూర్యలంక రా, సముద్రం చూద్దువు గాని' అన్నారు. మా నాన్న సముద్రానికి పంపలేదండి, ఆడపిల్ల మునిగిపోద్దని. అందరూ బస్సెక్కిన రోజు ఒక్కదాన్నే ఇక్కడికొచ్చా. మీరు చెప్పిన ఇటుకలేంటో చూద్దామని."

కోపంగా చెప్పలేదు, నవ్వుతూనే చెప్పింది. అదే నాకు గుచ్చుకుంది. ఆ రోజు సూర్యలంక ఇసుకలో నేను మొక్కజొన్న కండె తింటూ పిల్లల్ని లెక్కబెట్టి ఉంటాను. ఒకరు తక్కువని కూడా అనుకుని ఉండను. సిగ్గేసింది.

గైడు వచ్చిన రోజు కారులో ముగ్గురం బయల్దేరాం. మా ఆయన కొట్టు మూసేసి మరీ వచ్చారు, వినోదం చూడ్డానికి. గేటు దగ్గర ఆమె తన నారింజ గొడుగు నా చేతికిచ్చి, వెనక్కి తగ్గి నిలబడింది. నేను గొడుగెత్తాను.

"ఏనుగులు ఎటువైపండీ?" అన్నారు మా ఆయన.

ఆమె స్తంభాల కోసం చుట్టూ చూసింది. నేను గబగబా పాఠం అందుకుని వేళ్ళ గుర్తుల ఇటుక వైపు నడిచాను. అది కనబడితే కదా! ఇటు వంగాను, అటు వంగాను, ఇటుకలన్నీ ఒకేలా ఉన్నాయి.

"టీచర్ గారూ!" దూరం నుంచి కొడవలి ఊపుతూ కేక. "మీరెప్పుడూ కూర్చునే చోటు అటు కాదండీ, ఇటు!"

బతికాననుకున్నాను. గైడు ఆ ఇటుక ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆ గుర్తుల్లో తన మూడు వేళ్ళు పెట్టింది. గడ్డి కోసే ఆవిడ ఆ ఇటుక సంగతి చెబుతుంటే నేను ఇంగ్లీషులో అందించాను. తర్వాత గైడు ఆవిణ్ణి చూపించి, ఇదంతా ఈమెకి ఎవరు నేర్పారో అడగమంది. అడిగాను.

"చెప్పండి, మా టీచర్ గారేనని" అంది నా శిష్యురాలు, కన్ను గీటుతూ.

ఆ ముక్క ఇంగ్లీషులో అంటే చాలు, గండం గట్టెక్కినట్టే. మా ఆయన కూడా నా మొహంలోకి చూస్తున్నారు. నోరు తెరిచాను.

"నేను నేర్పానని చెప్పమంటోంది. అబద్ధం. పోయిన వారం దాకా నేనిక్కడ దిగలేదు. ఈమె చిన్నప్పుడు చూపించమని అడిగితే నోరు మూసుకోమన్నాను. ఒక్కతే వచ్చి నేర్చుకుంది."

మా ఆయన నవ్వడం మానేశారు. గైడు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఏం చెప్పారండీ?" అంది శిష్యురాలు.

"నువ్వు చెప్పమన్నదే చెప్పాను."

"ఆ ఏడు ఇంగ్లీషు టీచర్ లేకపోతే మాకు ఇంగ్లీషు కూడా మీరే చెప్పారండీ, మర్చిపోయారా?" అంది. ఈసారి నవ్వలేదు. కళ్ళనిండా నీళ్ళు.

నేను గొడుగు నా శిష్యురాలికిచ్చేశాను. ఆమె కొడవలి నడుముకి దోపుకుని, చెయ్యి కొంగుకి తుడుచుకుని గొడుగు పైకెత్తింది.

"వరసలో రండి" అంది. "నేను చెప్పేటప్పుడు మాట్లాడకండి."

ముందు గైడు, తర్వాత మా ఆయన, చివర నేను. చుట్టూ తిరిగి వచ్చేదాకా ఎవరం మాట్లాడలేదు.