చెంబు పక్కన పడ్డ బంతిపువ్వు

దయ్యాల మాట వింటే నాకు నవ్వొస్తుంది. ఇక్కడ నాందేడ్‌లోనే మేము ఇంతకుముందు అద్దెకున్న ఇంట్లో మెట్ల కింద రోజూ ఎవరో ఏడుస్తున్నారని పక్కింటామె వణికిపోతే, టార్చిలైటు పట్టుకుని పోయి పిల్లిని, దాని పిల్లల్ని చూపించినదాన్ని నేను. అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వండి.

నేను ఇంట్లో పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతాను. మహారాష్ట్ర బడిపిల్లలకు డ్రాయింగ్‌లో వేరే పరీక్షలుంటాయి. బల్లమీద చెంబు, పండ్లు, పూలు పెట్టి, చూసి గీయమంటారు. వాళ్లకు విసుగు రాకుండా పాతకాలపు విదేశీ బొమ్మల కబుర్లు చెప్తుంటాను. వాటిలో ఏ వస్తువూ ఊరికే ఉండదు. సగం ఒలిచిన నిమ్మకాయ అంటే పైకి అందం, లోపల పులుపు. పండు మీద ఈగ వాలిందంటే కుళ్లు మొదలైనట్టు. గుత్తిలోంచి రాలి బల్లమీద పడ్డ పువ్వు అంటే ప్రాణం పోవడం. కళ్లు పెద్దవి చేసి మరీ చెప్తాను గానీ, నాకవి ఉత్త కథలే.

పోయిన దసరాకు నేనే ఒకటి వేశాను. ఇత్తడి చెంబులో ఐదు బంతిపూలు, పక్కన సీతాఫలం, కింద తెల్లగుడ్డ. నీటిరంగులు. అద్దంతో ఫ్రేమ్ కట్టించి, ముందుగదిలో కుర్చీకి పైన తగిలించాను. ఆ రోజే ఫొటో తీసి చుట్టాలందరికీ పంపాను.

ఈ ఎండాకాలంలో ఒక తెల్లవారుజామున మా ఆయన కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయారు. ఆసుపత్రికి తీసుకుపోతే పేగు మెలిపడింది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆయన గుండె ముందే బలహీనం. మత్తుమందు తట్టుకుంటుందో లేదో చెప్పలేమన్నారు. హైదరాబాద్ తీసుకుపోతానంటే, దారిలో ఏమైనా కావచ్చు, మీ ఇష్టం అన్నారు. ‘మీ ఇష్టం’ అన్నంత పాడుమాట ఇంకోటి లేదు. ఔనన్నా ఆయన ప్రాణం నా నోట్లోనే ఉంది, కాదన్నా నా నోట్లోనే ఉంది.

ఆయనతో రైల్వేలో పనిచేసే దోస్తును పక్కన కూర్చోబెట్టి, గుండె పరీక్షల పాత కాగితాల కోసం ఇంటికి పరుగెత్తాను. కాగితాలు తీసుకుని వెనక్కి తిరిగేసరికి గోడ మీది బొమ్మ కళ్లబడింది.

చెంబులో నాలుగే పూలున్నాయి. ఐదోది ఎడమపక్క గుడ్డమీద పడి ఉంది.

పట్టపగలు. కిటికీలోంచి ఎండ పడుతోంది. దగ్గరికి పోయి చూశాను. పడ్డ పువ్వుకు నీడ కూడా ఉంది. నీడల్లో నేను కొంచెం ఊదారంగు కలుపుతాను, అదీ ఉంది. అచ్చం నా చేతిపనే. కానీ నేను వెయ్యలేదు. ఫోన్‌లో పాత ఫొటో తీసి చూస్తే ఐదు పూలూ చెంబులోనే ఉన్నాయి. ఫ్రేమ్ దించి వెనక చూశాను. దుకాణంలో అంటించిన కాగితం అంటించినట్టే ఉంది. ఫ్రేమ్ పట్టుకుని అక్కడే నేలమీద కూర్చుండిపోయాను.

పొద్దున ఫోన్ చేస్తే దగ్గర్లోని ఉమ్రి నుంచి రైల్లో బయల్దేరి వచ్చిన మా అత్తమ్మ అప్పుడే గడప దగ్గర కనిపించింది. ఏడుస్తూ అంతా చెప్పాను. ఆపరేషన్ వద్దన్నాను.

ఇక్కడ ఒక అలవాటుంది. దేవుడి విగ్రహానికి పువ్వు అంటించి మనసులో మాట అడుగుతారు. కుడివైపు రాలితే సరేనన్నట్టు, ఎడమవైపు రాలితే వద్దన్నట్టు. మరాఠీలో దాన్ని కౌల్ అంటారు. అత్తమ్మకు అదే తోచింది.

“ఎటు పడ్డది పువ్వు?”

“ఎడమకే అత్తమ్మా.”

బొమ్మను ఒళ్లో పెట్టుకుని కాసేపు చూసింది.

“ఎవల ఎడమ? నీ ఎడమ. దేవుని కుడి సూడాలె గని మన కుడి సూస్తరా? బొమ్మ మన దిక్కు మొకం పెట్టి ఉన్నది. దానికి ఇది కుడే. కౌల్ ఇచ్చిండు బిడ్డా. లే, పోయి సరేనని చెప్పు.”

ఆమె గొంతులో బెదురు లేదు. నేను లేచాను. పోయి సరేనన్నాను.

సాయంత్రం డాక్టరు బయటికొచ్చి, గండం గడిచిందమ్మా అన్నారు. ఆసుపత్రిలో బిగబట్టుకున్న ఏడుపంతా అప్పుడొచ్చింది. ఆ వెంటనే సిగ్గులేకుండా ఆకలేసింది. గేటు బయట బండి దగ్గర అత్తమ్మ, నేను నిలబడి రెండేసి వడాపావ్‌లు తిన్నాం. అంత రుచి నేను మళ్లీ ఎరగను.

ఆయన ఇంటికొచ్చాక ఒకరోజు చిక్కుడుకాయలు ఒలుస్తూ, దేవుడి కుడి సంగతి నీకెవరు చెప్పారని అత్తమ్మను అడిగాను. కిసుక్కున నవ్వింది.

“నాకేం ఎరుక? దేవుని కుడో, మన కుడో! నాకు గూడ గుండె జల్లుమన్నది. ఇద్దరం కూసొని ఏడిస్తే నా కొడుకును ఎవలు బతికియ్యాలె?”

చిక్కుడుకాయలు వదిలేసి ఆమె చేతులు పట్టుకున్నాను.

పువ్వు ఇంకా గుడ్డమీదే ఉంది. ఫొటోలో మాత్రం ఐదూ చెంబులోనే ఉన్నాయి. రెండూ చూసినవాళ్లు, మళ్లీ నువ్వే వేసి మరిచిపోయుంటావంటారు. అద్దం తీయకుండా ఎట్లా వేశానో మాత్రం ఎవరూ చెప్పరు. నాకూ తెలియదు. తీసి పారెయ్యమన్నవాళ్లున్నారు. నేను మళ్లీ ఆ మేకుకే తగిలించాను.

పొద్దున్నే మా ఆయన ఆ బొమ్మ కింద కుర్చీలో, నా వైపు తిరిగి కూర్చుని టీ తాగుతారు. కప్పు ఆయన కుడిచేతిలో ఉంటుంది. పువ్వు కూడా ఆయనకు ఆ పక్కనే ఉంది.