రెండోసారి తిరగని ఫ్యాన్

అతన్ని అందరూ 'అనుమానం మెకానిక్' అంటారు. కొత్త స్పార్క్ ప్లగ్గును డబ్బాలోంచి తీసినా, ఎవరైనా వాడి పెట్టారేమోనని తిప్పి తిప్పి చూస్తాడు. బండి తెచ్చినవాడు చెప్పేది సగం వింటాడు, విన్నదాంట్లో సగం కొట్టేస్తాడు. "ఇంజన్ అబద్ధం ఆడదు, ఓనరే ఆడతాడు" అంటాడు. చాలాసార్లు ఆ మాటే నిజమైంది కాబట్టి రోగం బాగా ముదిరింది.

ఆ ఉదయం అక్క మొగుడు తాను అద్దెకు తిప్పే కారును తాడు కట్టించి షెడ్డుకు లాక్కొచ్చాడు. ముందురోజు ఎత్తు రోడ్డు ఎక్కుతుంటే పొగలు కక్కింది. చల్లారాక స్టార్టయింది గానీ కుంటి గుర్రంలా ఎగిరెగిరి పడుతోంది.

అంతకుముందే అక్క ఫోన్ చేసింది. "ఇంజన్ వేడెక్కిందని ఎర్ర లైటు వెలిగినా తోలి పాత కారును కాల్చేసిన మహానుభావుడు. ఇదీ అలాగే చేసుంటే ఇవాళే అమ్మేస్తా. మళ్లీ గోదాం కాపలాకి పోతాడు. ఆయన మాట నేను నమ్మను, నువ్వు చూసి చెప్పు."

"ఎర్ర లైటుతో ఎంత దూరం తోలావు బావా?"

"వెలగ్గానే ఆపేశాన్రా. అప్పటిదాకా వేడి చూపే ముల్లు మధ్యలోనే ఉంది. కాలిన వాసన వస్తే, ఇంజన్ వేడి లాగేస్తుందని నువ్వు చెప్పినట్టే హీటర్ కూడా పెట్టా. చల్లగాలి కొట్టింది."

"ఇంజన్ ఉడుకుతుంటే హీటర్లో చల్లగాలా? నా చెవిలో పువ్వు ఏమన్నా కనిపిస్తోందా?"

"చెవి కనిపిస్తే కదా పువ్వు! అంతా గ్రీజేగా."

మెకానిక్ నవ్వలేదు. స్కానర్ పెడితే రెండో సిలిండర్ మండటం లేదని చూపించింది. స్కానర్‌నూ నమ్మడు. ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్‌ను రెండోదాని నుంచి తీసి మూడోదానికి పెట్టాడు. కాయిల్ తప్పయితే జబ్బు దానితోపాటు మూడోదానికి వెళ్లాలి. వెళ్లలేదు, రెండోదాన్నే పట్టుకుని కూర్చుంది. ప్లగ్గులు విప్పాడు. మూడు మట్టి రంగులో ఉన్నాయి. రెండోది మాత్రం ఆవిరితో కడిగినట్టు తెల్లగా ఉంది.

అతని కనుబొమ ఒకటి పైకి లేచింది. రేడియేటర్‌కు పంపుతో గాలి ఒత్తిడి పెట్టి, కాసేపు ఆగి, ప్లగ్గు రంధ్రంలోకి లైటు వేశాడు. లోపల పిస్టన్ మీద, ఇంజన్‌ను చల్లబరిచే పచ్చటి కూలెంట్ చుక్క మెరిసింది.

"కూలెంట్‌ను సిలిండర్లోకి రాకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయింది. కూలెంట్ లోపలికి దిగుతుంటే ఇంకేం మండుతుంది? ఇంజన్ కుతకుతలాడితే తప్ప ఇలా అవదు బావా. ఇంకా ఆపేశానంటావా?"

బావ మొహం మాడిపోయింది. "ఒట్టురా" అన్నాడు, అంతే.

అప్పుడే అక్క ఫోన్ మోగింది. "ఏం తేలింది?"

'ఈయన తోలేశాడు' అనబోయి మెకానిక్ ఆగాడు. ఆ చల్లగాలి ముల్లులా గుచ్చుతోంది. అబద్ధం ఆడేవాడు అతికేలా ఆడతాడు. అతకని మాట ఎందుకు చెబుతాడు?

పైపుల్లో గాలి చిక్కుకుంటే హీటర్‌కు వేడినీళ్లు అందవు. వేడిని కొలిచే సెన్సర్ గాలిలో ఉండిపోతే ముల్లు కదలదు, ఎర్ర లైటూ ఆలస్యంగానే వెలుగుతుంది. మరి గాలి ఎలా చేరింది? నాలుగు రోజుల క్రితం ఆ కారుకు కూలెంట్ మార్చింది ఎవరు?

తనే.

కూలెంట్ పోశాక రేడియేటర్ మూత తీసే ఉంచి, ఇంజన్ వేడికి ఫ్యాన్ దానంతటదే రెండుసార్లు తిరిగి ఆగేదాకా కదలకూడదన్నది అతను పెట్టుకున్న నియమం. గాలంతా అప్పుడే బయటికి పోతుంది. ఆ రోజు ఫ్యాన్ ఒకసారి తిరిగింది. అంతలో తన పాత కస్టమర్ ఎదుటి మెకానిక్ షెడ్డు ముందు ఆగడం కంటపడింది. వాణ్ని లాగేస్తున్నారని అనుమానం. మూత బిగించి రోడ్డు దాటాడు. తీరా వాడు అక్కడ అడ్రస్ అడుగుతున్నాడు.

"అక్కా, తప్పు నాది. గాలి పోకముందే మూత పెట్టేశాను."

"బావని కాపాడుతున్నావా? ఇద్దరూ కూడబలుక్కున్నారా?"

అనుమానం అతనొక్కడి సొత్తు కాదు మరి, పుట్టింటిది. రోడ్డు దాటిన కథంతా చెప్పాడు.

"అడ్రస్ అడిగేవాణ్ని అనుమానించావా? ఇది నమ్ముతాను. అచ్చం నీ పనే. కారు బాగుచేసి పంపు, అమ్మనులే."

గాస్కెట్ మార్చి, హెడ్ చదును చేయించి, మూడోనాడు కూలెంట్ పోశాడు. ఎదురుగా బావ స్టూలేసుకుని కాపలా కూర్చున్నాడు.

"రెండోసారి తిరిగిందిరా, మూత పెట్టు."

"ఆగు బావా" అన్నాడు మెకానిక్, ఫ్యాన్ మీంచి చూపు తిప్పకుండా. "మూడోసారీ తిరగనీ."