నిప్పట్టు పలకాల

మా అత్త పోయింది. ఇవాళ్టికి పదహారు రోజులు. వీధిలో మగ్గాలన్నీ ఆపేసి వచ్చారు. తలాపున కూర్చుని "మంచి మనిషి పోయింది" అన్నారు. పోయినవాళ్ల గురించి అలాగే అనాలి కాబట్టి అన్నారు. నేను అనలేదు. ఆమె మంచి మనిషి కాదు. ఇరవై మూడేళ్లు ఆమెతో ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నదాన్ని, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. అయినా ఈ నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను. నా చేతుల్లో ఉన్న పనంతా ఆమె పెట్టిందే.

మా ధర్మవరం వైపు వాళ్లకు నిప్పట్టు అంటే చెప్పనక్కర్లేదు. మిగతా చోట్ల చెక్కలంటారట. బియ్యప్పిండిలో కచ్చాపచ్చాగా దంచిన శనక్కాయ విత్తనాలు, పుట్నాల పొడి, నువ్వులు, కారం, కరివేపాకు వేసి, బాగా కాగిన నూనె పోసి కలిపి, అరచేతి వెడల్పున పలచగా తట్టి నూనెలో కాలుస్తాం. ఎవరైనా చేయొచ్చు. మా అత్త చేసినట్టు మాత్రం ఈ చుట్టుపక్కల ఇంకొకరు చేయలేదు. పెళ్లిళ్లకు, సీమంతాలకు సారె డబ్బాలు నింపాలంటే బత్తలపల్లె నుంచి కూడా ఆమె కోసం వచ్చేవాళ్లు.

ఆమె ముందు రుచి చూసేది కాదు, వినేది. వాయి దింపి ఆరిన తర్వాత అందులోంచి ఒకదాన్ని తీసి చెవి దగ్గర పెట్టుకుని విరిచేది. పటుక్కుమంటే ఆ వాయి డబ్బాలోకి. అనకపోతే వాయి మొత్తం పెరట్లో కట్టేసిన పొట్టేలు ముందుకి. మా ఇంట్లో రెండు మగ్గాలు, ఎదురింట్లో మూడు, పక్కింట్లో రెండు. ఆ టకటకల మధ్య మనిషి పిలిస్తే వినపడదు. ఆమెకు నిప్పట్టు విరిగిన చప్పుడు వినపడేది.

పెళ్లయి వచ్చిన మూడో రోజే నన్ను పొయ్యి ముందు కూర్చోబెట్టింది. చుట్టూ వీధి ఆడవాళ్లు. నేను ఏదో అడగబోతే నోటికి అడ్డంగా గరిటె చూపించి, "ఏమ్మే, ఈ ఇంట్లో నిప్పట్టు పలకాల, కోడలు పలకగూడదు" అన్నది. అందరూ నవ్వారు. కొత్త కదా, నేను కూడా నవ్వాను.

ఆమె దగ్గర ఇంకో నియమం ఉండేది. పచ్చి పిండిని నాలుకకు తగిలించకూడదు. మొదటి నిప్పట్టు పొయ్యిలో అగ్నికి వేయాలి, అంతకుముందు ఎవరు రుచి చూసినా అగ్నికి ఎంగిలి పెట్టినట్టే. అందుకని ఉప్పు పడిందో లేదో తొలి వాయి దిగేదాకా తెలిసేది కాదు. ఆమెకు మాత్రం పిండి పిడికిట్లో పట్టుకుంటే తెలిసేది. ఎట్లా తెలుస్తుంది అత్తా అని ఒకసారి అడిగాను. "నీకు తెలీదులే" అన్నది. నాకు ఇప్పటికీ తెలియదు.

నూనె చిట్లితే చెయ్యి వెనక్కి తీసుకోవడం ఎవరికైనా సహజం. నేను తీసుకున్న రోజు సాయంత్రం దాకా నన్నే పొయ్యి ముందు ఉంచింది, మంచినీళ్లకు కూడా లేవనివ్వలేదు. పిండి మెత్తగా కలిపితే దాన్ని నా ముందే నేలకేసి కొట్టి, "పిండి మీద జాలి పడితే అది నూనె తాగుతాది, కోడలి మీద జాలి పడితే అది ఇల్లు తాగుతాది" అన్నది. ఈ మాట వీధి వీధంతా నేర్చుకుంది. ఇప్పటికీ ఎవరో ఒకరు తమ కోడళ్ల మీద వాడుతుంటారు.

ఇవన్నీ మరిచిపోయేదాన్ని. అత్తలంటే అంతే, మా అమ్మ మాత్రం తక్కువ పడిందా అనుకుని ఊరుకునేదాన్ని. మా నాయన సంగతి ఒక్కటి లేకపోతే.

మా నాయనది తనకల్లు దగ్గర. మెట్ట చేను, శనక్కాయ తప్ప ఏమీ వేసేవాడు కాదు. నా పెళ్లయిన మరుసటి ఏడు వానలు మొండికేశాయి. కాయ పట్టే ఊడలు మట్టిలోకి దిగే వేళకు చేను ఎండిపోయింది. ఉన్న కాయనే ఒలిచి, చిన్న గుడ్డసంచిలో విత్తనాలు మూటగట్టుకుని నన్ను చూడటానికి వచ్చాడు. అన్నీ ముడతలు పడిన గింజలు. మా అత్త సంచిలో చెయ్యి పెట్టి చూసి, "అన్నా, ఇవి విత్తనాలా, ఎలకలు తినగా మిగిలినవా?" అన్నది.

"వాన లేదు చెల్లెమ్మా. ఉన్నెవి తెచ్చినా" అన్నాడు మా నాయన.

వాటితోనే నిప్పట్లు చేసి మీ నాయనకు పెట్టు అన్నది నాతో. పిండిలో పోయాల్సిన నూనెను ఆమే కొలిచి ఇచ్చింది. తక్కువ ఇచ్చింది. తెలిసి ఇచ్చిందో తెలియక ఇచ్చిందో నేను ఇన్నేళ్లు ఆలోచించాను, ఆమెకు తెలియనిదంటూ ఉంటుందా. నూనె చాలక నిప్పట్లు రాళ్లలాగా వచ్చాయి. ఆమె చెవి దగ్గర పెట్టుకుని విరవబోయింది. విరగలేదు. వరండాలో మా ఆయన, ఇద్దరు పక్కింటి మగవాళ్లు, మా నాయన కూర్చుని ఉన్నారు. పళ్లెం తీసుకెళ్లి మా నాయన ముందు పెట్టింది.

"మీ కూతురు చేసింది తిను అన్నా. మా పొట్టేలు కూడా ముట్టదు. నువ్వు కన్నోనివి కదా, నువ్వు తిను."

మా నాయనకు అప్పటికే పండ్లు కదులుతున్నాయి. ఆయన నా వైపు చూసి, ఒకటి తీసుకుని కొరికాడు. లోపల ఏదో విరిగింది. నిప్పట్టు కాదు. కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి తీస్తే దాని మీద ఎర్రటి మరక. "బాగుండాది చెల్లెమ్మా" అన్నాడు. ఇంకోటి తీసుకున్నాడు. ఆ పళ్లెంలో ఉన్నవి ఐదూ తిన్నాడు. మా ఆయన తలకాయ దించుకుని కూర్చున్నాడే కానీ నోరు తెరవలేదు. ఆయన మీద ఆ కోపం నాకు ఇంకా ఉంది, ఆయన ఇది చదువుతాడని తెలిసే రాస్తున్నాను.

మా నాయన మళ్లీ మా ఇంట్లో చెయ్యి కడగలేదు. వచ్చినా గడపలో నిలబడి పలకరించి బస్సుకు పోయేవాడు. నాలుగేళ్లకు పోయాడు.

నేను ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. నా చేతి నిప్పట్టు తిని ఈమె నోటితో "బాగుండాది" అనాలి. మా నాయన నెత్తురు మింగి అన్న మాటను ఈమె నిజంగా అనాలి. అనిపించేదాకా వదలను.

అందుకోసం నేర్చుకున్నాను. నూనె ఎప్పుడు కాగిందో, నురగ ఎప్పుడు తగ్గుతుందో, చిటపట ఆగిన తర్వాత ఎన్ని క్షణాలు ఓర్చుకోవాలో. ఆమె చేతుల్నే చూస్తూ, దొంగతనంగా, తిట్లు తింటూ నేర్చుకున్నాను. ఒక ఏడు గడిచేసరికి పొట్టేలుకు పోయే వాయిలు తగ్గాయి. ఐదేళ్లకు అసలు పోలేదు. వీధిలోవాళ్లు అత్తతో పాటు నన్నూ పిలవడం మొదలుపెట్టారు, తర్వాత తర్వాత నన్నే పిలిచారు. ఏ ఇంటికి పోయినా నాకు పీట వేస్తారు, నా మాట వింటారు. ఇదంతా ఆమె పెట్టిన భిక్ష. కాదంటే కళ్లు పోతాయి.

కానీ మాట రాలేదు. నేను చేసిన వాయిలోంచి ఒకటి తీసుకుంటుంది, చెవి దగ్గర విరుస్తుంది, పటుక్కుమంటుంది, ముక్క నోట్లో వేసుకుని నములుతుంది, డబ్బా మూత తీస్తుంది. అంతే. "పారెయ్యలేదంటే బాగున్నట్టే కదా, ఇంగేం గావాల నీకు?" అనేవాడు మా ఆయన. నాకు అది చాలలేదు. ఇరవై ఏళ్లు ఆ నమిలే నోటి వైపే చూస్తూ కూర్చున్నాను.

ఈ ఎండాకాలం మొదట్లో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మూతి వంకర పోయింది, మాట పడిపోయింది. మాట మెల్లమెల్లగా రావచ్చని డాక్టరు చెప్పాడు. మెత్తనివే పెట్టమన్నాడు, గట్టివి పెడితే గొంతుకు అడ్డం పడతాయన్నాడు. అందరూ ఏడ్చారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇన్నేళ్లు దాచుకుని ఇప్పుడు తాళం వేసుకుని పడుకుందే అనిపించింది.

ఇక్కడి నుంచి రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. ఆ మూడు నెలల్లో నేను చేసినన్ని నిప్పట్లు పండగలకు కూడా చేయలేదు. ఇంట్లో తినేవాళ్లు లేకపోయినా చేశాను. గిన్నెలో నాలుగు వేసుకుని వచ్చి ఆమె మంచం పక్కన, చెవి దగ్గరగా కూర్చునేదాన్ని. ఒకటి విరిచేదాన్ని. పటుక్. ఆమె కళ్లు తెరిచేది.

"పలికింది కదా అత్తా. ఇప్పుడు నువ్వు పలుకు" అనేదాన్ని.

ఆమె ఎడమ చెయ్యి దుప్పట్లోంచి బయటికొచ్చి తెరుచుకునేది. నేను ఆ చేతిలో ఏమీ పెట్టేదాన్ని కాదు. "డాక్టరు వద్దన్నాడు" అని చెప్పి, అక్కడే కూర్చుని నాలుగూ నమిలేదాన్ని. ఆమె వినేది. నోటి చివర నుంచి చొంగ కారేది. తుడిచేదాన్ని. తుడవడం మాత్రం ఎప్పుడూ మానలేదు, అన్నం మెత్తగా పిసికి పెట్టడం, పక్క మార్చడం, ఒళ్లు కడగడం అన్నీ నేనే చేశాను. చూసినవాళ్లు కోడలంటే నువ్వే అన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం మా ఆడబిడ్డ ముదిగుబ్బ నుంచి వచ్చి, ఈ తంతు చూసింది. తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"ఎంత కసి వదినా నీకు. మా అమ్మ నోరెండి చూస్తాంటే నువ్వు తింటాండావా?"

"డాక్టరు వద్దన్నాడు."

"పొడి చేసి పాలల్లో నానబెడితే డాక్టరు వద్దంటాడా? ఇంగెన్నాళ్లు ఉంటాదని?"

గిన్నె కింద పెట్టాను. లోపలికి పోయాను. గిన్నెలోవి నిన్నటివి; ఆ పూట కొత్తగా పిండి కలిపి దింపిన వాయి జల్లెడలో ఉంది, అందులోది నేనింకా నోట్లో వేసుకోలేదు. ఒకదాన్ని రోట్లో మెత్తగా దంచి, పాలు పోసి, చెంచాతో కలిపి తెచ్చాను. ఆమె తల ఎత్తి పట్టుకుని నాలుక మీద కొంచెం పెట్టాను. ఆమె చాలాసేపు నోట్లోనే తిప్పింది. మింగింది. నా వైపు చూసింది. పెదాలు కదిలాయి. మూడు నెలల్లో మొదటిసారి గొంతులోంచి ఏదో వస్తోంది. మా ఆడబిడ్డ "అమ్మా" అంటూ వంగింది. చెంచా కింద పెట్టి ఆమె నోటి దగ్గర చెవి పెట్టాను.

"ఉప్పు" అన్నది.

అంతే. మళ్లీ అడిగాను. మళ్లీ అదే, ఇంకొంచెం తేటగా. "ఉప్పు."

మా ఆడబిడ్డ ఏడుస్తూ నవ్వింది. మాట వచ్చిందని అన్నకు చెప్పడానికి మగ్గం గదికి పరుగెత్తింది. నేను వంటింట్లోకి పోయి జల్లెడలోంచి ఒకటి తీసుకుని కొరికాను. చప్పగా ఉంది. పిండిలో ఉప్పు వేయడమే మరిచిపోయాను. ఇరవై మూడేళ్లలో ఎప్పుడూ మరిచిపోలేదు. నాకు అంత ఏడుపు మా నాయన పోయినప్పుడు కూడా రాలేదు. కోపంతో ఏడ్చాను.

మళ్లీ ఆమె దగ్గరికి వచ్చి, "రేపు చేస్తాను అత్తా. రేపు చెప్పు ఎట్లుండాదో" అన్నాను. ఆమె ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుంది. వద్దని ఆపడానికి కాదు, పట్టుకోవాలని పట్టుకుంది. పట్టు గట్టిగానే ఉంది. మాట వస్తోంది, చెయ్యి పడుతోంది, ఈ మనిషి ఇంకా ఏళ్లు బతుకుతుందనుకున్నాను. చెబుతుందనుకున్నాను.

మరుసటి రోజు పొద్దున్నే పిండి కలిపాను. ఉప్పు నీళ్లలో కరిగించి, మరిచిపోలేదని పైకి చెప్పుకుంటూ పోశాను. రుచి చూడాలని నాలుక లాగింది, చూడలేదు. ఆమె పద్ధతిలోనే గెలవాలి. చేను పోయిన మా నాయన సంచిలోవి కావు ఇవి, నిండు విత్తనాలు. నూనె ఎవరూ కొలిచి ఇవ్వలేదు, నేనే సరిపోయినంత పోశాను. తొలి నిప్పట్టు అగ్నికి వేసి, వాయి నూనెలోకి వదిలాను. ఆరు నిప్పట్లు. నురగ పొంగి, ఇంకా తగ్గలేదు.

మా ఆడబిడ్డ గదిలోంచి "వదినా" అని పిలిచింది. ఒక్కసారే పిలిచింది. ఆ పిలుపు విన్న పక్కింటి అక్క నాకంటే ముందు లోపలికి పోయి, నాకంటే ముందు బయటికొచ్చింది.

"పొయ్యార్పు. చావింట్లో బాండ్లి ఉండగూడదు" అన్నది.

"ఆ వాయి ఒక్కటి కానియ్యి అక్కా" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. పిచ్చి పట్టిందనుకుందేమో. పొయ్యిలో నీళ్లు చల్లి, రెండు గుడ్డలతో బాండ్లి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయి గోడ పక్కన ఒంపేసింది. నూనె, దాంతో పాటు ఆరూ. తట్టి పెట్టినవి, కలిపిన పిండి, అన్నీ అక్కడే పడ్డాయి. శవం లేచేదాకా ఇంట్లో ఎవరూ ఏదీ నోట్లో పెట్టకూడదు, కోడలు అసలు పెట్టకూడదు.

సాయంత్రం అందరూ తిరిగొచ్చాక తలస్నానం చేసి, తడి చీరతో పెరట్లోకి పోయాను. నూనె మట్టిలోకి ఇంకిపోయి నల్లగా ఉంది. వీధి కుక్క ఒకటి లోపలికొచ్చి తింటోంది. ఐదు అప్పటికే అయిపోయాయి. నేను గోడకానుకుని చూస్తూ నిలబడ్డాను. ఉప్పు సరిపోయిందో లేదో దానికే తెలియాలి. అది ఆరోదాన్ని కూడా తిని, మట్టిని కాసేపు నాకి, గోడ దూకి వెళ్లిపోయింది.