పెనుకొండ లాడ్జికి ఒక్క చుక్క

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఈ లోకంలో ఎక్కడ ఏ లోపం జరుగుతోందో కనిపెట్టి నలుగురికీ తెలియజేయడానికే దేవుడు నన్ను హిందూపురంలోని ఒక బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా వేశాడని. చేతికి కొత్తగా మంచి ఫోను వచ్చింది. అందులో హోటళ్లకూ లాడ్జీలకూ మంగలి షాపులకూ కూడా మన అభిప్రాయం రాసి రేటింగు చుక్కలు వేయొచ్చని తెలిసిన రోజు కలిగిన సంతోషం, ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు. ఐదు చుక్కల దాకా వేసే వీలున్నా నేను రెండు దాటిన గుర్తు లేదు. చట్నీలో నీళ్లు పోసిన టిఫిను సెంటరు, చీటీ చదువుతూ నవ్విన మందుల షాపు, "జరగప్పా" అని భుజమ్మీద చెయ్యేసి నెట్టిన బస్సు కండక్టరు (ఆయనకు చుక్కలు వేసే చోటు ఎక్కడుందో నేటికీ వెతుకుతున్నాను), ఎవరినీ వదల్లేదు. "పెండ్లిచూపులకు పోతే పిల్లకు గూడా చుక్కలేస్తావు నువ్వు, బామ్మర్దీ" అన్నాడొకసారి మా అక్క మొగుడు, నలుగురి ముందర. ఆ మాట అన్నప్పుడు బావ వేసుకున్న చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. ఇంటి ముందుగదిలో గుంత మగ్గం ఉండేది. ఎండాకాలం ఆ గుంత చల్లగా ఉంటుందని ఒక కుక్క అందులోకి దిగి, మగ్గం తొక్కే నాయన కాళ్ల పక్కన పడుకునేది. మెడ నుంచి తోక దాకా వీపు మీద పసుపుపచ్చ చార ఉండేది కాబట్టి దానికి 'జరీ' అని నాయనే పేరు పెట్టాడు. కూనగా ఉన్నప్పటి నుంచి ఆ చప్పుడులోనే పెరిగింది కదా, మగ్గం ఆడినంతసేపూ దానికి నిద్ర, ఆగిందంటే మెలకువ. నాయన మధ్యలో మంచినీళ్లకు లేచినా అదీ లేచి, ఎందుకు ఆపినావన్నట్టు ఆయన మొహంలోకి చూసేది. (ఆ ఇంట్లో ఫిర్యాదు చేసే గుణం నా ఒక్కడికే లేదని చెప్పడానికి ఇది రాస్తున్నాను.)

అట్లాంటి నాయనకు పక్షవాతం వచ్చింది. అనంతపురం ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఇల్లు తాళం వేసి ఉండడంతో జరీ హిందూపురంలోని నా గదికి వచ్చింది. నాయన ఇంటికైతే చేరాడు గానీ మగ్గం దగ్గరికి చేరలేదు. ఒక పక్క చెయ్యి, కాలు, నోరు మాట వినడం మానేశాయి. ఇక్కడ నా గదిలో మగ్గం లేదు. అప్పటికే ముసలిదైన జరీ ఆ నిశ్శబ్దంలో కళ్లు మూయలేక, తిండి మానేసి, తలుపు దగ్గర పడుకుని నన్ను తప్పు పట్టేది. ఒకరోజు నాయన నాకు ఫోను చేయించాడు. మాట ముద్దగా వచ్చింది. "జరీని తోలకరా... ఒకతూరి చూస్తా." అంతకుముందు ఆయన నన్ను ఏదీ అడగలేదు.

మర్నాడే బావ చీరల మూటలు మోసే పాత వ్యాను తెచ్చాడు. హిందూపురం నుంచి ధర్మవరం ఎంతసేపని. అయినా జరీకి వ్యాను పడలేదు. సోమందేపల్లి దాటేసరికి దానికి వాంతులు పట్టుకున్నాయి. పెనుకొండ దగ్గర పడుతుండగా మా అవ్వ నుంచి ఫోను.

"యాడుండారు రా?"

"పెనుకొండకాడ ఉండాం అవ్వా. వస్తాండాం."

"ఈ పొద్దు అమావాస్య రా! మంచంలో మనిషి పెట్టుకోని, అమావాస్యనాడు జీవాన్ని గడప దాటిస్తారా? రేపు తోలకరా పో."

"అవ్వా, అది కొత్త జీవం కాదు, మనింటి కుక్కే."

"ఇల్లిడిసి పోయిందా ల్యాదా? పోయిందంటే మళ్లా వచ్చేది కొత్తగా వచ్చినట్లే."

అవ్వతో వాదించి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు. వెనక్కి తిప్పితే దానికి మళ్లీ అవే వాంతులు. నేను ఫోను తీసి, అందుబాటు ధరలో, పెంపుడు జంతువులకు అనుమతి ఉన్న బస కోసం వెతికాను. పెనుకొండలో ఒక్కటంటే ఒక్కటి కనిపించింది. "చూసినావా బావా, కాలం ఎంత మారిందో! బెంగుళూరులో ఉన్నట్లు ఈడ గూడా కుక్కలకు రూములిస్తాండారు" అన్నాను గర్వంగా, ఆ లాడ్జీ నేనే కట్టించినట్టు.

లాడ్జీ ముందర పంచె కట్టుకున్న పెద్దాయన ఒకాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. యజమాని ఆయనే. జంతువులకు అనుమతి ఉన్నమాట నిజమేనా అని అడిగాను.

"నిజమే కదప్పా. యాడుండాది జీవం? దింపండి."

బావ జరీని రెండు చేతుల మీద ఎత్తుకొచ్చాడు. పెద్దాయన దాన్ని చూశాడు. లేచి వ్యాను వెనక్కి పోయి, లోపలికి తొంగి చూసి వచ్చాడు.

"పొట్టేలు యాడ?"

"పొట్టేలు ల్యాదన్నా. ఇదే."

ఆయన కాసేపు గడ్డం గోక్కుని, గొంతు బాగా తగ్గించి అడిగాడు. "ఏ దేవునికప్పా?"

విషయమేమిటంటే, చుట్టుపక్కల దేవుళ్లకు మొక్కుకున్నవాళ్లు ముందురోజే పొట్టేళ్లను తోలుకొచ్చి ఆ లాడ్జీలో దిగుతారు. జీవాన్ని గదిలోనే కట్టేసుకుని, తెల్లవారి స్నానాలు చేసి దేవుడి దగ్గరికి పోతారు. ఫోనులో వివరాలు నింపేటప్పుడు 'జంతువులకు అనుమతి ఉందా' అన్న చోట ఆయన నిజాయితీగా ఉందని పెట్టించాడు. మా గది గోడకు ఇనప కొక్కెం, కొక్కేనికి తాడు, మూలన ఎవరిదో పొట్టేలు వదిలి వెళ్లిన గుర్తులు, గదినిండా వాసన. మేం ఇంకా గుమ్మంలో ఉండగానే ఆయన భార్య పసుపు కుంకుమల తట్టతో వచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ అలవాటు కొద్దీ జరీ నుదుటికి బొట్టు పెట్టేసింది. పెట్టిన తర్వాత చూసింది.

"అయ్యో, కుక్క!" అని నాలిక్కరుచుకుంది. "సరేలే, ఇదీ జీవమే కదా" అని లోపలికి పోయి ఒక కట్ట పచ్చగడ్డి తెచ్చి దాని ముందర వేసింది. గదితోపాటు గడ్డి ఉచితమట. వెనకాలే పెద్దాయన వచ్చి, ఏ దేవుడో ఇంకా తేలకపోయినా తన ధర్మం ప్రకారం అడిగాడు. "కోసేది రేప్పొద్దున్నేనా? వండుకునేదానికి బోకులు కావల్లంటే చెప్పండి, ఉండాయి."

బావ నవ్వి నవ్వి గోడకు జారగిలబడి కింద కూర్చుండిపోయాడు. నాకు మాత్రం నెత్తురు ఉడికింది. జరీ బొట్టు పెట్టుకుని, ముందర గడ్డి పెట్టుకుని, నా వైపు చూస్తోంది. దాని తరఫున మాట్లాడే బాధ్యత నాది కాదా? అక్కడే మంచం అంచున కూర్చుని ఫోనులో రాశాను. "గది అద్దె అందుబాటులో ఉన్నమాట వాస్తవం. అయితే వయోవృద్ధమైన ఒక కుక్కకు పచ్చగడ్డి వడ్డించడం, నుదుట బొట్టు పెట్టడం, దానిని ఎప్పుడు కోస్తారని దాని సమక్షంలోనే విచారించడం ఏ తరహా ఆతిథ్యమో యాజమాన్యం వివరించాలి. పక్కగదిలోని పొట్టేలు గోడను కొమ్ములతో పొడుస్తున్నది. దానికి ఉన్న గౌరవం ఇక్కడ మా కుక్కకు లేదు." కింద ఒక్క చుక్క. సున్నా వేసే వీలు లేకపోవడం మీద ఆ ఫోను కంపెనీకి వేరే రాశాను.

పొద్దు వాలేసరికి జరీ మూలగడం మొదలుపెట్టింది. బన్ను అంటే ప్రాణం దానికి. పాలలో ముంచి పెట్టినా వాసన చూసి మొహం తిప్పుకుంది. లేస్తుంది, తిరుగుతుంది, పడుకుంటుంది, మళ్లీ లేస్తుంది. "దానికి కావల్సింది తిండి కాదు బామ్మర్దీ" అన్నాడు బావ. అప్పుడు ఆయన నవ్వడం లేదు. నేను తలుపు దగ్గర చతికిలబడి, వేలి కణుపులతో చెక్క మీద కొట్టాను. నాయన మగ్గం ఎట్లా పలుకుతుందో నాకు తెలుసు. రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. రెండు చిన్నవి, ఒక పెద్దది. జరీ చెవులు నిక్కాయి. వచ్చి నా కాళ్ల పక్కన పడుకుంది. అదే సమయానికి పక్కగది పొట్టేలు నా పెద్ద దెబ్బకు జవాబుగా గోడను పొడవడం మొదలుపెట్టింది. ఇద్దరం కలిసి నేస్తున్నట్టే ఉంది.

పెద్దాయన పరుగున వచ్చాడు. "ఏమప్పా, తలుపు పగలగొడ్తాండారా?"

బావ సంగతి చెప్పాడు. మగ్గం చప్పుడు లేనిదే దానికి నిద్ర రాదనీ, ఇంటి దగ్గర నేసే మనిషి మంచం పట్టాడనీ, రేపు దాన్ని ఆయనకు చూపించాలనీ. పెద్దాయన తలుపును వేలితో తట్టి చూశాడు. "ఆ పక్క చెక్క మీద కొట్టప్పా. ఇది చెదలు తినింది, బాగా పలకదు" అని చెప్పి వెళ్లిపోయాడు. నేను ఆ పక్క చెక్కకు మారాను. చెయ్యి నొప్పి పుట్టి నేను ఆపితే బావ అందుకున్నాడు. ఆయనకు తాళం రాదు, అయినా జరీ సర్దుకుంది. ఎన్నాళ్లకో దానికి అంత నిద్ర పట్టింది.

తెల్లవారాక దాని మొహం మీద ఎండ పడినా లేవలేదు. తలుపు మీద ఎంత కొట్టినా, ఎంత ఆపినా లేవలేదు.

బావ బయటికి పోయి నిలబడ్డాడు. పెద్దాయన గడ్డపార తెచ్చి, లాడ్జీ వెనక ఖాళీ స్థలంలో తవ్వడం మొదలుపెట్టాడు. రాళ్ల నేల, సులభంగా దిగడం లేదు. బావ గడ్డపార అందుకున్నాడు. పెద్దాయన భార్య ఒక పాత చీర ముక్క తెచ్చి జరీకి కప్పింది. అంచు చూసి అది ధర్మవరం పట్టేనని గుర్తుపట్టాను. మట్టి కప్పాక, ఏ జంతువూ తవ్వకుండా పెద్దాయన ఒక రాయి దొర్లించి పైన పెట్టాడు. చేతులు దులుపుకుంటూ నా వైపు చూడకుండానే అన్నాడు. "నువ్వు రాసింది మా బిడ్డ చదివి చెప్పిందప్పా. గడ్డి పచ్చిదే పెట్టినాం కదా?" తల ఊపాను. అవును, పచ్చిదే.

ధర్మవరంలో అవ్వ గుమ్మంలోనే నిలబడి ఉంది. "అమావాస్య పోయిందిలే, ఇంగ తోలకరా లోపలికి" అంది. నా చేతిలో జరీ మెడపట్టీ ఒక్కటే చూసి పక్కకు జరిగింది. అవ్వ మాట్లాడకుండా ఉండడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాయన తల తిప్పి నా కాళ్ల పక్కన వెతికాడు. ఎట్లా చెప్పాలో తెలియక మొత్తం వరసగా చెప్పాను, వాంతుల దగ్గర్నుంచి. చెప్పేది కూడా చేతకాక, ఫోను తీసి నేను రాసిందే చదవసాగాను. "దానిని ఎప్పుడు కోస్తారని దాని సమక్షంలోనే..." దగ్గరికి వచ్చేసరికి మంచంలోంచి ఒక వింత శబ్దం వచ్చింది. భయపడి చూశాను. నాయన నవ్వుతున్నాడు. పడిపోయినప్పటి నుంచి ఆయన నవ్వలేదు. నోరు ఒక పక్కే నవ్వుతోంది. కన్నీళ్లు మాత్రం రెండు కళ్లలోంచీ కారుతున్నాయి.

"గడ్డి పెట్టినారా... దానికి?" అన్నాడు.

"పెట్టినారు నాయనా. బొట్టు గూడా."

"నిద్రపోయిందా?"

"పోయింది. తలుపు మీద మగ్గం కొట్టినా నాయనా. బాగా నిద్రపోయింది."

ఆయన కళ్లు మూసుకున్నాడు. తర్వాత, "మళ్లా చదువు" అన్నాడు.

అప్పటి నుంచి ఆయనకు అదే పారాయణం. నేను ఇంటికి పోయినప్పుడల్లా, పోనప్పుడు ఫోనులోనూ, "ఆ గడ్డి సంగతి చదువు" అనేవాడు. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఒప్పుకునేవాడు కాదు. ఈలోగా పెద్దాయన నా నంబరు సంపాదించి ఫోను చేశాడు. "ఆ ఒక్క చుక్క చూసి గిరాకీ రావడం ల్యాదంట, మా బిడ్డ చెప్తాంది. కొంచెం మార్చి రాయప్పా" అన్నాడు. కొత్తది రాస్తే నాయన వినే పాతది పోతుంది. అది పెద్దాయనకు చెప్పడం నావల్ల కాలేదు. "గడ్డి పెట్టింది నిజమా కాదా అన్నా?" అన్నాను. ఆయన ఫోను పెట్టేశాడు. (వేరే చోట రాసి పెట్టుకుని దీన్ని మార్చొచ్చు కదా అన్నాడు బావ. నిజమే, రాసి పెట్టుకోవచ్చు. కానీ ఆ ఉపాయం చెప్పేటప్పుడు ఆయన నవ్విన నవ్వు నాకు నచ్చలేదు.) ఆ ఏడు ఎండాకాలం పోయేలోపే నాయన పోయాడు. మగ్గం ఎవరికో ఇచ్చేశాం. గుంత పూడ్చాం.

చాలా ఏళ్లకు, మొన్న ధర్మవరం పోతూ పెనుకొండలో ఎందుకో బండి ఆపాను. లాడ్జీకి కొత్త రంగు వేశారు. పెద్దాయన అదే కుర్చీలో ఉన్నాడు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "ఒక్క చుక్క అప్పవా?" అన్నాడు. ఆయన కూడా మర్చిపోయే రకం కాదని తెలిసి నాకు చెప్పలేనంత గౌరవం కలిగింది. వెనక్కి తీసుకుపోయాడు. ఆ రాయి అక్కడే ఉంది. నిండా పసుపు, కుంకుమ, ముందర పగలగొట్టిన టెంకాయ చిప్పలు. మొదట్లో ఆయన భార్య కొంచెం పసుపు రాసిందట. పొట్టేళ్లతో వచ్చినవాళ్లు చూసి, పెద్ద దేవుడి దగ్గరికి పోయేముందు ఈ చిన్న దేవునికి కూడా ఒక దండం పెట్టుకుని పోవడం అలవాటు చేసుకున్నారట. మేం అక్కడ ఉండగానే పొట్టేలును పట్టుకున్న ఒకామె వచ్చి మొక్కి, నన్నడిగింది. "ఏ దేవుడన్నా ఈయప్ప?"

పెద్దాయన నా మొహం చూశాడు. నేను ఆయన మొహం చూశాను. "మగ్గం కాడి దేవుడు తల్లీ" అన్నాను. ఆమె ఇంకోసారి దండం పెట్టుకుంది.

"ఇప్పుడన్నా ఇంకో చుక్క వేయప్పా" అన్నాడు పెద్దాయన, ఆమె వెళ్లిపోయాక. ఫోను తీశాను. అది అట్లాగే ఉంది, ఒక్క అక్షరం మారకుండా. పైకి చదవడం మొదలుపెట్టాను. 'దాని సమక్షంలోనే' దగ్గర ఆగాను. అక్కడ నవ్వే మనిషి కోసం ఆగడం నాకు అలవాటైపోయింది. ఫోను జేబులో పెట్టేసుకున్నాను.

బయలుదేరేముందు వంగి చూశాను. టెంకాయ చిప్పల పక్కన, రాయికి ఎదురుగా, ఎవరో భక్తితో పెట్టిన పచ్చగడ్డి కట్ట ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా దానికి పెడుతున్నది గడ్డే! అరచేయంత ఫోనుతో లోకాన్ని దారిలో పెట్టబోయిన ఆ పాత కుర్రాడు ఒక్కసారిగా నాలో లేచి నిలబడ్డాడు. పాపం, వాడిని కూర్చోమన్నాను. రోడ్డు మీద కొట్టుకు పోయి ఒక బన్ను కొనుక్కొచ్చి, గడ్డిని కొంచెం పక్కకు జరిపి, అక్కడ పెట్టాను. తర్వాత ఎవరూ చూడకుండా ఆ రాయి మీద వేలి కణుపులతో కొట్టాను. రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్దది.